ఆ కథలో మీరెవరు? 1992 కుంభకోణం, ఒక క్లయింటు, ఆయన తండ్రి దాచిన కాగితాలు

నేను హైదరాబాద్‌లో సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) రిజిస్టర్డ్ ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌ని. ఫీజు తీసుకుని సలహా చెప్తాను, ఫండ్లూ పాలసీలూ అమ్మను. ఈ కేసు 2023 జూన్‌లో మొదలై దాదాపు రెండేళ్లు నడిచింది. క్లయింటు, అతని భార్య, అతని తండ్రి ముగ్గురూ చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాను. ఊరు, ఉద్యోగం, షేర్ల పేర్లు తీసేశాను. అంకెలు కొంచెం మార్చాను గానీ వాటి మధ్య లెక్క చెడకుండా చూశాను.

నేపథ్యం

క్లయింటు వయసు 31. ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికి 78 వేలు. భార్య ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్తుంది. మూడేళ్ల పాప. తండ్రి రిటైరై వీళ్లతోనే ఉంటున్నారు. తల్లి లేరు.

2020 లాక్‌డౌన్‌లో షేర్లు కొనడానికి డీమ్యాట్ ఖాతా తెరిచాడు. ఆ మార్చిలో 26 వేల కిందికి పడిన సెన్సెక్స్ మరుసటి ఫిబ్రవరికి 50 వేలు దాటింది. ఆ నెలల్లో ఏది కొన్నా పెరిగేది. ఇతను పెట్టిన 60 వేలు లక్షా పది వేలయ్యాయి. సరిగ్గా ఆ మధ్యలోనే, 2020 అక్టోబరులో, 1992 షేర్ మార్కెట్ కుంభకోణం నడిపిన ముంబై బ్రోకరు హర్షద్ మెహతా కథతో వెబ్ సిరీస్ వచ్చింది. మూడుసార్లు చూశానన్నాడు. తర్వాత అదే కుంభకోణం చుట్టూ వచ్చిన సినిమాలూ వదల్లేదు. ఆ సిరీస్ టైటిల్ మ్యూజిక్కే అతని రింగ్‌టోన్. మొదటి మీటింగులో ఫోన్ రెండుసార్లు మోగింది. ఆ విషయం నేను ఫైల్లో రాసుకోలేదు. రాసుకోవాల్సింది.

2022 మొదట్లో ఆప్షన్లలోకి దిగాడు. గడువులోగా షేరో సూచీయో ఎటు కదులుతుందోనని పందెంలా కొనే కాంట్రాక్టులు అవి. ఇతనివి బ్యాంకు షేర్ల సూచీ బ్యాంక్ నిఫ్టీ మీద, గురువారం గడువు తీరేవి. 14 నెలల్లో 11 లక్షల 40 వేలు పోయాయి. అందులో పొదుపు 3.7 లక్షలు, పర్సనల్ లోన్ 6 లక్షలు, స్నేహితుల దగ్గర చేబదులు 1.7 లక్షలు.

ఏం అడగడానికి వచ్చారు

ఒక కిస్తీ బౌన్సై భార్య ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఆమె బలవంతం మీద ఇద్దరూ వచ్చారు. అడిగింది ఒక్కటే: అప్పు తొందరగా తీరే దారి చెప్పండి. అతను కాగితం మీద నీటుగా టేబుల్ గీసుకొచ్చాడు. నెల నెలా జీతంలోంచి ఎంత, "ట్రేడింగ్ ఆదాయం" లోంచి ఎంత అని. ఆ రెండో గడిలో ప్రతి నెలా 25 వేలు రాసి ఉంది. 14 నెలల్లో ఒక్క నెల కూడా అతనికి అంత రాలేదు.

అసలు సమస్య ఆ గడిలోనే ఉందని నాకు అర్థమైంది. కానీ దాన్ని లెక్కల పొరపాటు అనుకున్నాను. అందుకే లెక్కలతోనే మొదలుపెట్టాను.

మొదట చేసినవి

తేలికైనవి ముందు. ఆప్షన్ల నష్టాన్ని ఐటీ రిటర్నులో చూపించలేదు. అది వ్యాపార నష్టం కిందికి వస్తుందనీ, గడువులోగా రిటర్ను వేస్తే ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లవచ్చనీ చెప్పి సీఏ దగ్గరకు పంపాను. జులై ఆఖరులోపు పని అయింది. చేబదుళ్లు ఇచ్చిన వాళ్లకు నెలకింత అని అతని చేతే ఫోన్ చేయించాను.

తర్వాత సెబీ అధ్యయనం ముందు పెట్టాను. 2023 జనవరిలో వచ్చింది. 2021-22లో ఈక్విటీ ఎఫ్అండ్ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 89 శాతం నష్టపోయారు. (2024 సెప్టెంబరులో వచ్చిన దానిలో మూడేళ్లకు కలిపి 93 శాతం, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు.) అతను శ్రద్ధగా చదివాడు. చదివి, "మిగతా 11 శాతం ఏం చేశారో ఇందులో ఉందా మేడమ్?" అన్నాడు.

ఆ మాట వెక్కిరింపు కాదు, నిజంగా అడిగాడు. పదిమందిలో తొమ్మిది మంది పడిపోతారంటే, ఆ కథలో తను పదోవాడని ముందే రాసుకున్నాడు. శాతాలు చెప్తే జాగ్రత్తపడతారనుకుంటాం గానీ, తనను హీరో అనుకునే మనిషికి ఆ అంకె ఇంకా ఉత్సాహాన్నిస్తుంది.

నా తప్పు

అప్పుడు నేనొక రాజీ పెట్టాను. మొత్తం మానేయమంటే చాటుగా చేస్తాడనిపించింది. అందుకని ఆప్షన్లు మానేసి, నెలకు 5 వేలు మాత్రం షేర్లలో తన ఇష్టానికి పెట్టుకోవచ్చనీ, ప్రతి ట్రేడూ భార్యకు కనిపించాలనీ రాసుకున్నాం. కొంచెం అలవాటున్న మామూలు మదుపరికి ఇది పని చేస్తుంది, చాలాసార్లు చేసింది. అప్పు తెచ్చి ఆడినవాడికి పెట్టకూడదు. మూడు నెలలకే తెలిసింది.

అక్టోబరులో భార్య ఒక్కతే వచ్చింది. బీరువాలో గాజులు, హారం లేవు. తాకట్టు పెట్టి 3 లక్షలు తెచ్చాడు. ఆ డబ్బుతో బావమరిది పేరు మీద తెరిచిన అకౌంటులో ఒక చిన్న కంపెనీ షేరు కొన్నాడు. టెలిగ్రామ్ గ్రూపులో వచ్చిన టిప్. "ఆపరేటర్ దిగాడు, టార్గెట్ 90" అని. ఆపరేటర్ అంటే డబ్బు దింపి షేరు రేటు ఎగదోసేవాడు. సగటున 41 రూపాయల చొప్పున 7,300 షేర్లు. 46 దాకా పెరిగింది. ఆ తర్వాత వరసగా 23 ట్రేడింగ్ రోజులు లోయర్ సర్క్యూట్, అంటే ఒక రోజులో పడనిచ్చే హద్దు దాకా పడి ఆగిపోవడం. రోజూ పొద్దున తొమ్మిదింటికే అమ్మకం ఆర్డరు పెట్టేవాడట, కొనేవాడు ఉండేవాడు కాదు. చివరికి 14 దగ్గర అమ్ముడుపోయాయి. చేతికి లక్షా రెండు వేలు వచ్చాయి.

"ఐదు వేలు చాలని మీరే అన్నారు కదా మేడమ్" అంది ఆమె. కోపంగా అనలేదు. నా దగ్గర జవాబు లేదు. తప్పు నాదేనని ఒప్పుకున్నాను.

ప్రశ్న మార్చడం

వారం తర్వాత అతన్ని పిలిచాను. ఆ వారమంతా ఫైలు తిరగేస్తుంటే రింగ్‌టోన్ గుర్తొచ్చింది. ఇతని టేబుల్లోని పాతిక వేలూ, "మిగతా 11 శాతం" మాటా, "ఆపరేటర్ దిగాడు" అనగానే నగలు తాకట్టు పెట్టడమూ ఒకే చోటు నుంచి వస్తున్నాయి. అతను ఒక కథలో ఉన్నాడు. నేను బయట నిలబడి లెక్కలు చెప్తున్నాను. ఆ కథలోకి వెళ్లి మాట్లాడితే తప్ప లాభం లేదనిపించింది.

భయం కూడా ఉంది. హర్షద్ గురించి గంటలు గంటలు మాట్లాడితే మోజు ఇంకా పెరగవచ్చు. అందుకని ఒక హద్దు పెట్టుకున్నాను: అతని తెలివి గురించీ, కారు గురించీ, ఇల్లు గురించీ మాట్లాడకూడదు. ప్రతి సంఘటన దగ్గరా ఒకటే అడగాలి. ఈ డబ్బు ఎవరిది, ఎదురుగా ఉన్న మనిషి ఎవరు?

"ఆ సిరీస్ చూసేటప్పుడు మీరు ఎవరు?" అని అడిగాను.

కాసేపాగి, "హర్షదే కదా మేడమ్, ఎవరైనా అంతే" అన్నాడు.

తెర వెనక మనుషులు

మూడు మీటింగులు దీనికే పెట్టాం. అతనికి కథ నాకంటే బాగా తెలుసు, డబ్బు దారి మాత్రం తెలియదు.

అప్పట్లో బ్యాంకులు తమ దగ్గరున్న ప్రభుత్వ సెక్యూరిటీలను పదిహేను రోజులకో నెలకో ఇంకో బ్యాంకుకు అమ్మి, ముందే అనుకున్న రేటుకు తిరిగి కొనుక్కునేవి. రెడీ ఫార్వర్డ్ అనేవారు. పేరుకు అమ్మకం, నిజానికి తాకట్టు. మధ్యలో హర్షద్ లాంటి బ్రోకరు ఉండేవాడు. సెక్యూరిటీలు చేతులు మారకుండా "మీ సెక్యూరిటీ మా దగ్గరుంది" అని బ్యాంకు రాసిచ్చే కాగితం బీఆర్, అంటే బ్యాంక్ రిసీట్. వెనక ఏ సెక్యూరిటీ లేకుండానే కరాడ్ బ్యాంకు, మెట్రోపాలిటన్ కోఆపరేటివ్ బ్యాంకు బీఆర్‌లు రాసిచ్చాయి. బ్యాంకు పేరు మీద రాసిన చెక్కులు బ్రోకరు ఖాతాలో పడ్డాయి. ఆ డబ్బు షేర్లలోకి వచ్చింది. 200 దగ్గరున్న ఏసీసీ షేరు 9 వేల దగ్గరకు వెళ్లింది.

"ఇక్కడ తాకట్టు పెట్టిన వస్తువు ఏది?" అని అడిగాను.

"లేదు. కాగితమే."

"మీరు పెట్టింది?"

మాట్లాడలేదు. అతను పెట్టినవి నిజం గాజులు.

1992 ఏప్రిల్ 22న సెన్సెక్స్ 4,467. మర్నాడు టైమ్స్ ఆఫ్ ఇండియాలో విలేకరి సుచేతా దలాల్ రిపోర్టు వచ్చింది, స్టేట్ బ్యాంకు లెక్కల్లో 500 కోట్లకు లెక్క తేలాల్సి ఉందని. ఏడాది తిరిగేసరికి సూచీ సగానికి వచ్చింది. రిజర్వు బ్యాంకు వేసిన జానకిరామన్ కమిటీ 4 వేల కోట్ల పైచిలుకు తేడా తేల్చింది. ఇవన్నీ అతనికి తెలుసు. కరాడ్ బ్యాంకు ఆ ఏడాదే లిక్విడేషన్‌లోకి (మూసివేతకు) వెళ్లిందనీ, అది మహారాష్ట్రలో సతారా జిల్లాలోని చిన్న ఊరి పేరు మీద నడిచిన బ్యాంకు అనీ తెలియదు. నేషనల్ హౌసింగ్ బ్యాంకు ఛైర్మన్ ఎం.జె. ఫెర్వానీ ఆ మే నెలలో పదవి వదిలి అదే నెలలో చనిపోయారని చెప్పాను. 1999లో హర్షద్‌కు ఐదేళ్ల శిక్ష పడింది మారుతి ఉద్యోగ్ డబ్బు, 38 కోట్ల పైచిలుకు, బ్యాంకు ద్వారా అతనికి చేరిన కేసులో. ఆ కేసులో సంతకాలు పెట్టిన ఉద్యోగులూ ముద్దాయిలే. 2003 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించేనాటికి హర్షద్ లేడు. 2001 నవంబరులో మళ్లీ అరెస్టయ్యాడు. కస్టడీలో ఉండగానే డిసెంబరు 31న ఠాణెలో గుండెపోటుతో పోయాడు. 47 ఏళ్లు.

ఇవన్నీ శ్రద్ధగానే విన్నాడు. కానీ కదిలించినవి ఇవి కావు. 1992 తర్వాతి సంగతి చెప్పినప్పుడు మొదటిసారి ఫోన్ పక్కన పెట్టాడు.

బెయిల్ మీద బయటికొచ్చాక, తొంభైల చివర్లో, హర్షద్ టిప్పులు చెప్పడం మొదలుపెట్టాడు. పేపర్లలో కాలమ్, సొంత వెబ్‌సైటు. బ్యాంకు డబ్బు దొరికే దారి మూసుకుపోయింది. ఇప్పుడు జనమే వచ్చి కొనాలి. 1998లో బీపీఎల్, వీడియోకాన్, స్టెరిలైట్ షేర్లను ఎగదోసిన వ్యవహారం బెడిసి ముంబై ఎక్స్ఛేంజిలో చెల్లింపుల సంక్షోభం వచ్చింది. 2001లో సెబీ అతన్ని మార్కెట్ నుంచి జీవితాంతం నిషేధించింది.

"అంటే గ్రూపు అడ్మిన్‌లాగా" అన్నాడు.

"ఆ కాలమ్ చదివి కొన్నవాళ్ల మీద ఎవరూ సినిమా తీయలేదు" అన్నాను.

అతని ట్రేడు, అదే రోజు

ఆ మాట అక్కడే వదిలేస్తే మళ్లీ కథే అవుతుంది. అందుకని అతని కాంట్రాక్టు నోట్లు, అంటే బ్రోకరు పంపే ట్రేడు రసీదులు, ప్రింటు తీశాం. కాంట్రాక్టు నోటులో ప్రతి ట్రేడుకూ టైము ఉంటుంది. పక్కన గ్రూపు మెసేజీల టైములు స్కేలు పెట్టి రాశాడు. మెసేజ్ 9:40. అతని మొదటి కొనుగోలు 9:52. మిగిలినవి 10:30 లోపు.

కంపెనీ మొత్తం షేర్లలో అర శాతం దాటి ఒకే రోజు ఎవరు కొన్నా అమ్మినా ఎక్స్ఛేంజీలు ఆ పేరు బల్క్ డీల్స్ కింద సాయంత్రం ప్రకటిస్తాయి. ఆ తేదీ పెట్టి వెతకమన్నాను. అమ్మకం వైపు ఒక పేరు ఉంది. నాలుగు లక్షల పైన షేర్లు, సగటు రేటు 41కి పది పైసలు తక్కువ. అదే పేరు రెండు నెలల వెనక 12 రూపాయల దగ్గర కొనుగోలు వైపు ఉంది.

అతను చాలాసేపు ఆ వరస మీదే పెన్ను పెట్టి ఉంచాడు. "నేను కొన్నవి ఈయనవే అయ్యుండొచ్చు" అన్నాడు. రుజువు చేయలేం, కానీ అయ్యుండొచ్చు. మూడేళ్లు హర్షద్ కుర్చీలోంచి చూసినవాడు ఆ రోజు ఎదుటి కుర్చీలోకి వచ్చాడు. ఎవరి మీద అరవలేదు. ఆ ప్రింటు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తండ్రి

మార్పు వచ్చిందనుకున్నాను. రెండు వారాలకు భార్య ఫోన్ చేసింది. అతను రాత్రిళ్లు నిద్రపోవడం లేదు, ఎవరితోనూ మాట్లాడడం లేదు. మాటల మధ్యలో, "మామయ్యగారి దగ్గర కూడా పాత షేర్లేవో ఉన్నాయట, ఆ రోజుల్లోవే" అంది.

తండ్రిని పిలవాలా వద్దా అని చాలా ఆలోచించాను. కొడుకు తాకట్టు సంగతి ఆయనకు తెలియదు. తిడితే ఉన్నదీ పోతుంది. ముందు క్లయింటునే అడిగాను, వారం తర్వాత సరేనన్నాడు. తండ్రితో విడిగా మాట్లాడి, డబ్బు సంగతి కొడుకే చెప్తాడనీ, అప్పటిదాకా ఏమీ అడగొద్దనీ చెప్పాను. ఆయన "నేనేం అడుగుతానమ్మా" అన్నారు.

రెగ్జిన్ సంచిలో ప్లాస్టిక్ కవరు, అందులో రెండు షేర్ సర్టిఫికెట్లు తెచ్చారు. యాభై చొప్పున వంద షేర్లు, ఒక సిమెంటు కంపెనీవి. దళసరి కాగితం, చుట్టూ నోటు మీద ఉన్నట్టు అంచు. ట్రాన్స్‌ఫర్ ఫారం, ఒక ఉత్తరం గుండుసూదితో గుచ్చి ఉన్నాయి. సూది తుప్పు పట్టి కాగితానికి మరక అంటింది.

1992 ఏప్రిల్ మొదటి వారంలో హైదరాబాద్ ఎక్స్ఛేంజి బ్రోకరు ద్వారా కొన్నారు. 42 వేలు. ఇంటి కోసం పీఎఫ్‌లోంచి తీసిన అడ్వాన్సు. పేరు మార్పించడానికి కాగితాలు పంపేలోపే రేటు కూలిపోయింది. జూన్‌లో ప్రభుత్వం ప్రత్యేక కోర్టు ఆర్డినెన్సు తెచ్చి హర్షద్‌నూ మరికొందరినీ నోటిఫై చేసింది. వాళ్ల ఆస్తులన్నీ జప్తు. వాళ్ల పేరున ఉండి మార్కెట్లో చేతులు మారిపోయిన షేర్లు కూడా అందులో చిక్కుకున్నాయి. టెయింటెడ్ షేర్లు అనేవారు. డబ్బు కట్టి కొన్న మామూలు మనుషుల కాగితాలను కంపెనీలు వెనక్కి పంపాయి. ఈయనవీ అలాగే వచ్చాయి.

క్లయింటు సర్టిఫికెట్ తిరగేశాడు. వెనక వైపు గళ్లలో ఇంతకుముందు ఎవరెవరి పేరున మారిందో వరసగా ఉంటుంది. వేలుతో కిందిదాకా చదివి, "నీ పేరు లేదేంటి నాన్నా?" అన్నాడు.

"ఎక్కలేదు" అన్నారు ఆయన.

తర్వాత చెప్పింది నేను కాదు. ఇల్లు మూడేళ్లు ఆలస్యమైందనీ, ఎందుకు ఆలస్యమైందో భార్యకు చివరిదాకా చెప్పలేదనీ, పేపర్లలో ఏడాదంతా ప్రధానికి సూట్‌కేసులో డబ్బిచ్చానన్న హర్షద్ ఆరోపణా, పార్లమెంటు గొడవే వచ్చేదనీ, తనలాంటి వాళ్ల గురించి ఒక్క ముక్క రాలేదనీ ఆయనే చెప్పారు. గాజుల సంగతి కొడుకు ఆ గదిలోనే చెప్పాడు. ఆయన అన్నది ఒకటే: "నేను చెప్పలేకపోయాను. నువ్వు చెప్పావు కదరా."

ఆ తర్వాత కుదిరినవి

ఆ మీటింగు తర్వాతే మిగతా కట్టుదిట్టాలు పని చేశాయి. ముందు పెట్టి ఉంటే మళ్లీ ఏదో దారి వెతికేవాడు. ఎఫ్అండ్ఓ సెగ్మెంటును బ్రోకరు దగ్గర డీయాక్టివేట్ చేయించాం. బావమరిది అకౌంటు మూసేశారు. ఇంకొకరి పేరున ట్రేడ్ చేస్తే పన్నూ పూచీ కూడా వాళ్ల మెడకే చుట్టుకుంటాయని అతనికి అప్పటిదాకా తట్టలేదు. టెలిగ్రామ్ గ్రూపు మీద సెబీకీ, సైబర్ క్రైమ్ 1930కీ ఫిర్యాదు పెట్టాం. డబ్బు రాలేదు. సొంతంగా పెట్టుకునే ఐదు వేలు సున్నా చేశాను. లోయర్ సర్క్యూట్లో అమ్మగా వచ్చిన లక్షా రెండు వేలు గోల్డ్ లోన్‌కే కట్టించాను. పర్సనల్ లోన్ వడ్డీ ఎక్కువే, లెక్క ప్రకారం అది ముందు తగ్గించాలి. కానీ ఆ ఇంట్లో నగలు తిరిగి రావడం వడ్డీ తేడా కన్నా ముఖ్యం అనిపించింది.

ఇప్పుడు కొత్త క్లయింటు ట్రేడింగ్ అప్పుతో వస్తే మొదటి మీటింగులోనే ఏ సినిమా, ఏ యూట్యూబర్, ఎవరి కథ చూసి మొదలుపెట్టారని అడుగుతాను. అందులో మీరెవరని అడుగుతాను. శాతాలు మూడో మీటింగుకు ముందు తీయను. అప్పు తెచ్చి ఆడినవాళ్లకు ఇంతవరకు అని హద్దు పెట్టి అనుమతివ్వడం పూర్తిగా మానేశాను. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఇలాంటి దెబ్బ తిన్నారా అని భార్యనో భర్తనో విడిగా అడుగుతాను. నా ఫైళ్లలోనే ఇప్పటికి మూడు ఇళ్లలో అలా పాత సర్టిఫికెట్లు బయటపడ్డాయి. అన్నిచోట్లా అవి మంచే చేయలేదు. ఒక ఇంట్లో తండ్రి కొడుకును అందరి ముందూ నిలదీశారు, ఆ క్లయింటు మళ్లీ రాలేదు. అందుకే తండ్రితో ముందు విడిగా మాట్లాడనిదే ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టను.

ఇప్పుడు

2025 జనవరిలో భార్య చిట్టీ పాడింది. ఆ డబ్బుకు ఇంకొంత కలిపి ఫిబ్రవరిలో నగలు విడిపించారు. చేబదుళ్లలో ఇంకా 40 వేలున్నాయి. పర్సనల్ లోన్ 2027 దాకా నడుస్తుంది. ఏప్రిల్ రివ్యూలో నెలకు 3 వేల సిప్ మొదలుపెట్టనా అని అడిగాడు. చేబదుళ్లు తీరాకే అన్నాను. సరేనన్నాడు. తండ్రి సర్టిఫికెట్ల మీద ఇప్పుడు ఏమైనా హక్కు మిగిలిందేమో అడగడానికి కంపెనీ రిజిస్ట్రారుకు ఉత్తరం రాశాడు. డ్రాఫ్టు నాకు పంపాడు. మొదటి పేరాలో 1992 ఏప్రిల్ తేదీ, ఫోలియో నంబరు ఉన్నాయి. కొన్నవారి పేరు దగ్గర తండ్రి పూర్తి పేరు రాసి, కింద గీత గీశాడు.